దీపావళి నాటికే నిర్ణయమయ్యే వేసవి

గణితం, భౌతిక శాస్త్రం ప్రధాన విషయాలుగా బి.ఎస్సీ. చదివే విద్యార్థి వేసవి సెలవులు సాధారణంగా ఇంటి పనికో, రాబోయే పోటీ పరీక్ష శిక్షణకో ఖర్చవుతాయి. అవే సెలవులను ఒక పరిశోధన సంస్థలో, ఒక శాస్త్రవేత్త పర్యవేక్షణలో, పాఠ్యపుస్తకం చివర జవాబు అచ్చుపడి లేని ఒక ప్రశ్నతో గడిపే అవకాశం మన దేశంలో మూడు దశాబ్దాలకు పైగా ఉంది. ఆ అవకాశానికి ప్రవేశ రుసుము లేదు. పైగా రైలు చార్జీ, బస, భోజనం లేదా నెలవారీ భృతి నిర్వాహక సంస్థే భరిస్తుంది. అయినప్పటికీ ఖమ్మం పట్టణానికీ భద్రాచలం అడవులకూ నడుమనున్న జూలూరుపాడు వంటి మండలాల విద్యార్థులకు ఈ కార్యక్రమాల సంగతి తెలిసేసరికి, అనగా సెలవులు దగ్గరపడిన ఏప్రిల్ నెలలో ఎవరో సీనియర్ చెప్పగా తెలిసేసరికి, దరఖాస్తుల గడువు ముగిసి నెలలు గడిచిపోయి ఉంటుంది. ఈ ప్రాంతపు విద్యార్థికీ పరిశోధన సంస్థకూ మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కన్నా నెలల్లో లెక్కించటమే సబబు.

డిగ్రీ స్థాయి పరిశోధన అన్న మాటకు అర్థం ముందుగా నిర్ణయించుకోవాలి. పందొమ్మిదేళ్ల విద్యార్థి ఎనిమిది వారాలలో కొత్త సిద్ధాంతం కనిపెడతాడని ఏ సంస్థా ఆశించదు. అప్పటికే తెలిసిన ఒక ఫలితాన్ని మూలం నుంచి చదివి అర్థం చేసుకోవటం, దానిని చేతితో గాని కంప్యూటరుతో గాని తిరిగి రాబట్టటం, ఆ క్రమంలో ఎదురైన చిన్న సందేహాన్ని వదలకుండా కొంతదూరం వెంబడించటం, చివరకు చేసినదానిని పదిహేను ఇరవై పుటల నివేదికగా రాయటం అన్నవే ఇక్కడ పరిశోధన అనిపించుకుంటాయి. పరీక్షలో ప్రశ్నకు జవాబు మూడు గంటల లోపల దొరకాలి; పరిశోధనలో మూడు వారాలైనా దొరకకపోవచ్చు, ప్రశ్నే తప్పుగా వేసుకున్నామని నాలుగవ వారంలో తేలవచ్చు. ఆ అనిశ్చితిని తట్టుకోవటం నేర్పే వేసవి ఇది. రుసుము కట్టించుకుని, పది వీడియోలు చూపి, రంగుల ధ్రువపత్రం చేతికిచ్చే ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్పులకు దీనితో ఏ సంబంధమూ లేదు. అటువంటి ధ్రువపత్రానికి పరిశోధన సంస్థలలో విలువ కూడా లేదు.

తెలుగు నేల మీద ఇటువంటి పనికి పూర్వరంగం లేకపోలేదు. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో నెలకొల్పిన వేధశాల, అనగా నక్షత్రాలను పరిశీలించే కేంద్రం, తరువాత నిజాం ప్రభుత్వ నిర్వహణలోకి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలో పటంగా కూర్చటానికి పారిస్ కేంద్రంగా 1887లో మొదలైన అంతర్జాతీయ ప్రణాళికలో ఈ నిజామియా వేధశాల కూడా పాలుపంచుకుని, తన వంతు ఆకాశ ఖండంలోని నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టికలుగా ప్రచురించింది. అక్కడ పనిచేసిన ఉద్యోగులలో ఒకరి కుమారుడు, నిజాం కళాశాలలో భౌతిక శాస్త్రం చదివిన మనాలి కల్లట్ వేణు బప్పు, విద్యార్థి దశలోనే చరనక్షత్రాలను పరిశీలించి వ్యాసాలు ప్రచురించారు. చరనక్షత్రమంటే కాంతి స్థిరంగా నిలవక, కొన్ని గంటలకో రోజులకో నెలలకో పెరిగి తరిగే నక్షత్రం. హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డ్ చేరిన బప్పు 1949లో ఒక ఛాయాచిత్ర ఫలకం మీద కొత్త తోకచుక్కను గుర్తించగా, దానికి బప్పు–బోక్–న్యూకిర్క్ తోకచుక్క అని పేరు స్థిరపడింది. తరువాతి కాలంలో తమిళనాడులోని కావలూరులో వేధశాలను నిర్మించి, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షత వహించిన ఈ శాస్త్రవేత్తకు తొలి శిక్షణ తరగతి గదిలో కంటె వేధశాల ఆవరణలో ఎక్కువ జరిగిందనటం అతిశయోక్తి కాదు.

నిజాం కళాశాల నుంచే 1928లో బి.ఎస్సీ. పూర్తిచేసిన సూరి భగవంతం, పందొమ్మిదేళ్లు నిండకముందే కలకత్తా వెళ్లి చంద్రశేఖర వేంకట రామన్ ప్రయోగశాలలో చేరారు. పారదర్శక పదార్థం గుండా పోయే కాంతి కొంత చెదిరి, ఆ చెదిరిన కాంతిలో కొద్ది భాగం రంగు మారి వెలువడుతుందన్న రామన్ ఫలితం వెలువడినది ఆ సంవత్సరం ఫిబ్రవరి నెలలోనే. కాబట్టి భగవంతం అడుగుపెట్టే నాటికి ఆ ప్రయోగశాలలో ప్రతి ప్రశ్నా కొత్తదే. కాంతి కణానికి భ్రమణ గుణం ఉన్నదని చూపే ప్రయోగాన్ని మూడేళ్ల తరువాత గురుశిష్యులిద్దరూ కలిసి ప్రకటించారు. అదే 1928 వేసవిలో, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంకా డిగ్రీ చదువుతున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ కూడా సెలవులు గడపటానికి అదే కలకత్తా ప్రయోగశాలకు వెళ్లారు. ప్రయోగ పరికరాలు ఆయనకు అచ్చిరాలేదు గాని, నక్షత్రాల అంతర్నిర్మాణాన్ని గురించి అక్కడ చేసిన పఠనం ఆయన జీవితకాలపు పనికి దారి వేసింది. ఒకరికి పరికరం, మరొకరికి పుస్తకం వంటబట్టిన ఆ ఒక్క వేసవినే గమనిస్తే, సెలవుల పరిశోధన విద్యార్థికి ఏది చేతకాదో తెలియజెప్పటం కూడా చిన్న ప్రయోజనం కాదని స్పష్టమవుతుంది. చంద్రశేఖర్ రామన్‌కు అన్న కుమారుడన్న సంగతిని మాత్రం మరువరాదు. ఆ రోజులలో ప్రయోగశాల ప్రవేశం బంధుత్వం మీదనో, గురువు వ్యక్తిగత పరిచయం మీదనో ఆధారపడి ఉండేది. నేటి కార్యక్రమాలు చేసిన మేలు ఏమిటంటే ఆ పరిచయానికి బదులు దరఖాస్తు పత్రాన్ని పెట్టటం.

గణితంలో డిగ్రీ విద్యార్థి చేయదగిన పరిశోధన ఏ తీరుగా ఉంటుందో ఒక ఉదాహరణతో చూడటం మేలు. నాసిక్ సమీపాన దేవ్‌లాలీలో బడిపంతులుగా జీవితమంతా గడిపిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్, పుణెలోని ఫెర్గుసన్ కళాశాలలో డిగ్రీ చదువుతుండగానే, 1927లో, గణితంలో స్వతంత్రమైన పనికి ఇచ్చే పరాంజపే బహుమతిని పొందారు. ఆయన పేరు ప్రపంచానికి తెలిసినది 1949లో గుర్తించిన ఒక సంఖ్య వల్ల. నాలుగు అంకెల సంఖ్యను, అంకెలన్నీ ఒకటే కాకుండా చూసుకుని, ఏదో ఒకటి తీసుకోవాలి. దాని అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి, ఆపైన చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, రెండు సంఖ్యల భేదం కట్టాలి. వచ్చిన సంఖ్యతో మళ్లీ అదే చేయాలి. ఉదాహరణకు 3524 తీసుకుంటే, 5432లో నుంచి 2345 తీసివేయగా 3087. 8730లో నుంచి 0378 తీసివేయగా 8352. 8532లో నుంచి 2358 తీసివేయగా 6174. ఇక 7641లో నుంచి 1467 తీసివేసినా మిగిలేది 6174 మాత్రమే. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లకు మించకుండా ఇక్కడికే చేరటం ఇందులోని విశేషం.

ఇంతవరకు ఇది వినోదం. ఎందువల్ల అన్న ప్రశ్నతో ఇది గణితం అవుతుంది. ఆ ప్రశ్నను నేరుగా నాలుగు అంకెల మీద వేయకుండా ముందుగా మూడు అంకెల మీద వేయటం పరిశోధకుని మొదటి తెలివి. మూడు అంకెల సంఖ్యలో పెద్ద అంకె, నడిమి అంకె, చిన్న అంకె అనుకుంటే, తీసివేతలో నడిమి అంకె రెండు చోట్లా పదుల స్థానంలోనే ఉన్నందున పూర్తిగా ఎగిరిపోతుంది, భేదం ఎప్పుడూ పెద్ద, చిన్న అంకెల తేడాకు 99 రెట్లుగా ఉంటుంది. తేడా 1 నుంచి 9 వరకే ఉండగలదు కనుక, వందల కొలది సంఖ్యలలో దేనితో ప్రారంభించినా మొదటి మెట్టు దాటేసరికి 99, 198, 297 మొదలుకొని 891 వరకు తొమ్మిది సంఖ్యలే మిగులుతాయి. ఆ తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా పరీక్షిస్తే అన్నీ 495 దగ్గర ఆగుతాయి. అంతటితో నిరూపణ పూర్తి. నాలుగు అంకెల విషయంలో ఇదే ఉపాయం కొంచెం పొడిగించాలి. అక్కడ భేదం కొస అంకెల తేడాకు 999 రెట్లు, నడిమి అంకెల తేడాకు 90 రెట్లు కలిపినంత. నడిమి తేడా కొస తేడాను మించజాలదు కాబట్టి లెక్కలోకి వచ్చే జంటలు 54 మాత్రమే. ఇంటర్మీడియట్ చదివిన వారెవరైనా ఒక సాయంత్రం కూర్చుని వాటిని పూర్తిగా పరీక్షించవచ్చు.

ప్రశ్న అంతటితో ముగియదు. రెండంకెల సంఖ్యలతో ఇదే చేస్తే ఏ ఒక్క సంఖ్య దగ్గరా ఆగక, 9, 81, 63, 27, 45 అని గానుగెద్దు వలె తిరుగుతూ ఉండటం కనిపిస్తుంది. అయిదంకెలకూ ఆగే సంఖ్య లేదు, మూడు వేర్వేరు వలయాలున్నాయి. పది ఆధారంగా కాక ఎనిమిదో పన్నెండో ఆధారంగా సంఖ్యలను రాస్తే ఏమవుతుంది? ఎన్ని అంకెలకు వలయాలు వస్తాయి, ఎన్నింటికి స్థిరసంఖ్య వస్తుంది? ఒక విద్యార్థి ఇటువంటి ప్రశ్నలలో ఒకటి ఎంచుకుని, చిన్న ప్రోగ్రాముతో లెక్కలు వేయించి, కనబడిన క్రమానికి కారణం చెప్పగలిగితే, అది వేసవి పరిశోధనగా పూర్తిగా చెల్లుతుంది. దీనికి కావలసినది ఖరీదైన ప్రయోగశాల కాదు. తప్పులు చూపించగల ఒక పెద్ద, చదవవలసిన దాని జాడ చెప్పగల ఒక గ్రంథాలయం, ఇతర పనులు లేని ఎనిమిది వారాలు. చివరిదే అన్నింటికన్నా అరుదుగా దొరుకుతుంది.

ఈ మూడింటినీ ఒక్కచోట సమకూర్చే కార్యక్రమాలలో అన్నింటికన్నా విస్తృతమైనది మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి నిర్వహించే వేసవి పరిశోధన ఫెలోషిప్. రామన్ 1934లో బెంగుళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, మేఘనాద్ సాహా పూనికతో 1930లో అలహాబాదులో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ అన్నవే ఆ మూడు. ఫెలోషిప్ అంటే ఇక్కడ రెండు నెలల పాటు ఒక శాస్త్రవేత్త వద్ద పనిచేయటానికి ఇచ్చే అనుమతి, దానితోపాటు నెలవారీ భృతి, రాకపోకల రైలు చార్జీ. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో, అనగా దసరా దీపావళి పండుగల దరిదాపుల్లో స్వీకరిస్తారు. మార్కుల వివరాలతోపాటు, విద్యార్థి తాను ఏ అంశం మీద, ఎందుకు పనిచేయదలచినదీ కొద్ది వందల మాటలలో రాయాలి. ఎవరి పర్యవేక్షణలో పనిచేయగోరుతున్నదీ సూచించవచ్చు. పాఠం చెప్పిన అధ్యాపకుని నుంచి సిఫారసు లేఖ జతపడాలి.

ఎంపిక ఎక్కువగా తేలిపోయేది ఆ రచన దగ్గర, ఈ లేఖ దగ్గరే. అంతర్జాలంలో దొరికిన పేరాలను అతికించి, బాల్యం నుంచి శాస్త్రం మీద మక్కువ అని మొదలుపెట్టిన రచనకూ, చేతితో ఏదో ఒకటి చేసి చూసిన విద్యార్థి రచనకూ తేడాను చదివేవారు రెండు వాక్యాలలో పట్టేస్తారు. మూడంకెల సంఖ్యలకు కారణం దొరికింది, నాలుగంకెలకు 54 జంటలు పరీక్షించాను, అయిదంకెలకు వలయాలు ఎందుకు వస్తున్నాయో అర్థం కాలేదు అని రాయగలిగిన విద్యార్థికి ఆంగ్లం తడబడినా ఫరవాలేదు. సిఫారసు లేఖ విషయం వేరు. ఈ విద్యార్థి వినయశీలి, క్రమం తప్పక తరగతికి వస్తాడు అన్న లేఖ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఫలానా లెక్కను పుస్తకంలో లేని మార్గంలో చేసుకువచ్చింది, ఫలానా ప్రయోగంలో కొలత తప్పు ఎక్కడున్నదో తానే పట్టుకుంది అన్న ఒక్క వాక్యం చాలు. అటువంటి వాక్యం రాయాలంటే అధ్యాపకునికి ఆ విద్యార్థి తరగతి బయట కూడా తెలిసి ఉండాలి, లేఖ కోసం కనీసం మూడు వారాల ముందు అడిగి ఉండాలి.

గణితానికే ప్రత్యేకించిన కార్యక్రమం మ్యాథమెటిక్స్ ట్రెయినింగ్ అండ్ టాలెంట్ సెర్చ్, ఎం.టి.టి.ఎస్. అన్న పొడి అక్షరాలతోనే ఇది ప్రసిద్ధం. అణుశక్తి విభాగం 1983లో ఏర్పాటు చేసిన జాతీయ ఉన్నత గణిత మండలి ఆర్థిక సహాయంతో 1993లో ఆచార్య ఎస్. కుమరేశన్ దీనిని ప్రారంభించారు. ఆయన ముంబయి విశ్వవిద్యాలయంలోను, ఆ తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలోను బోధించారు. నాలుగు వారాల ఈ శిబిరంలో డిగ్రీ రెండవ సంవత్సరం వారికొక స్థాయి, ఆపై తరగతులవారికి మరి రెండు స్థాయిలు ఉంటాయి. ఖచ్చితంగా మాట్లాడితే ఇది పరిశోధన కాదు, పరిశోధనకు ముందుండవలసిన అలవాటు. ఇక్కడ ఉపన్యాసం వినిపించటం తక్కువ, విద్యార్థిని ప్రశ్నించటం ఎక్కువ. ఒక సిద్ధాంతాన్ని బోర్డు మీద నిరూపించటానికి బదులు, అది నిజమవునా కాదా అని విద్యార్థుల చేతనే ఊహింపజేసి, వారి ఊహ తప్పని చూపే ఉదాహరణను కూడా వారి చేతనే వెదికిస్తారు. గైడు పుస్తకంలోని నిరూపణను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి నూటికి తొంభై తెచ్చుకోవటానికి అలవాటుపడిన విద్యార్థికి మొదటి వారం చాలా కష్టంగా గడుస్తుంది. డిగ్రీ విద్యార్థికి, ముఖ్యంగా చిన్న ఊరి కళాశాలలో చదివిన విద్యార్థికి, అకాడమీల ఫెలోషిప్ కన్నా ముందుగా ఈ శిబిరమే మేలు. పునాది లేకుండా శాస్త్రవేత్త గదిలో కూర్చున్న రెండు నెలలు వృథా అయ్యే ప్రమాదం గణితంలో ఎక్కువ. దీని దరఖాస్తులు సంక్రాంతి ప్రాంతంలో వెలువడటం పరిపాటి.

మిగిలిన వాటిని గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ సందర్శక విద్యార్థుల కార్యక్రమాన్ని నడుపుతున్నది. దాని అంగమైన హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం 2004లో మొదలుపెట్టిన నియుస్ అన్న కార్యక్రమం డిగ్రీ తొలి సంవత్సరాల వారిని ఎంచుకుని, సెలవుల్లో పిలిపిస్తూ, ఒకే అంశం మీద ఏడాది పైగా పనిచేయిస్తుంది. ఖగోళ శాస్త్రానికి పుణెలోని అయూకా, గణితానికి, సైద్ధాంతిక భౌతిక శాస్త్రానికి చెన్నైలోని గణిత విజ్ఞాన సంస్థ, ప్రయాగరాజ్‌లోని హరీశ్‌చంద్ర పరిశోధన సంస్థ పేరెన్నికగన్నవి. దగ్గరలో చూడదలచినవారికి హైదరాబాదు ఐ.ఐ.టి.లో వేసవి పరిశోధన పరిచయ కార్యక్రమం ఉంది. తిరుపతిలో 2015లో ఏర్పడిన ఐసర్ అన్న విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఉంది. వీటిలో కొన్ని ఎం.ఎస్సీ. వారికే పరిమితం, కొన్నింటిలో బి.ఎస్సీ. రెండవ సంవత్సరం వారికి చోటుంది, అర్హతలు ఏటేటా మారుతుంటాయి కనుక ప్రకటనను పూర్తిగా చదవకుండా దరఖాస్తు పెట్టరాదు.

డబ్బు విషయంలో ఒక పథకం ఈ ప్రాంతపు విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2008లో ప్రారంభించిన ఇన్‌స్పైర్ పథకంలోని ఉన్నత విద్యా ఉపకార వేతనం, ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షలో పైనుంచి ఒక్క శాతంలో నిలిచి, మౌలిక శాస్త్రాలలో డిగ్రీ చేరినవారి కోసం ఉద్దేశించినది. ఏడాదికి 80,000 రూపాయలుగా నిర్ణయించిన ఈ మొత్తంలో 60,000 నగదు కాగా, 20,000 వేసవి పరిశోధన పనికి కేటాయించారు. అంటే వేసవిలో పరిశోధన చేసి నివేదిక సమర్పించటం ఈ ఉపకార వేతనంలో అదనపు అలంకారం కాదు, అంతర్భాగం. ఈ ప్రాంతంలో పైస్థాయి మార్కులు తెచ్చుకున్న విద్యార్థులలో అత్యధికులు ఇంజనీరింగు వైపు పోతున్నందున, బి.ఎస్సీ.లో చేరిన కొద్దిమందికి ఈ పథకం ఉన్నదని చెప్పేవారు లేకపోతున్నారు.

ఇక కాలం సంగతి. జూలూరుపాడు, ఏన్కూరు, సుజాతనగర్ మండలాలలో దీపావళి రోజులంటే పత్తి ఏరే రోజులు. కూలీలు దొరకక, కళాశాలకు పోయే పిల్లలు కూడా సెలవు పెట్టి చేనులో దిగే రోజులవి. అకాడమీల గడువు సరిగ్గా ఆ వారాలలోనే పడుతుంది. మిరప కోతలు సాగే జనవరి, ఫిబ్రవరి నెలల్లో గణిత శిబిరం గడువు, టాటా సంస్థ గడువు వస్తాయి. దరఖాస్తు నింపటానికి గంట చాలు గాని, దాని వెనుక ఉండవలసిన ఆలోచనకు, లేఖకు, ధ్రువపత్రాలకు నెల పడుతుంది. కనుక ఆ పనిని వానాకాలపు సెమిస్టరు మొదట్లోనే, ఆగస్టులో, ప్రారంభించటం తప్ప మార్గం లేదు. రెండవ అడ్డంకి విద్యార్థి చేతిలో లేనిది. సెమిస్టరు పరీక్షలు మే, జూన్ నెలల్లోకి జరిగిన సంవత్సరాలలో, ఎంపికైన విద్యార్థి కూడా పరీక్షకూ ఫెలోషిప్‌కూ మధ్య ఒకదానిని వదులుకోవలసి వస్తుంది. విశ్వవిద్యాలయాలు సరిసంఖ్య సెమిస్టరు పరీక్షలను ఏప్రిల్ లోపల ముగిస్తామని ఏడాది ముందే ప్రకటించి, దానికి కట్టుబడితే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా గ్రామీణ విద్యార్థులకు జరిగే మేలు ఏ కొత్త పథకం వల్లా జరగదు.

ఎంపిక కానివారు వేసవిని వదులుకోనక్కరలేదు. తెలంగాణ కళాశాల విద్యాశాఖ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో జిజ్ఞాస పేరుతో విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులను పోటీగా నిర్వహిస్తున్నది. వాటికి అంశాలను దూరం నుంచి తెచ్చుకోవలసిన అవసరం ఈ ప్రాంతానికి లేదు. మణుగూరు మండలం పగిడేరులో బోరుబావి నుంచి వేడినీరు తనంతట తాను ఉబికి వస్తున్నది. సింగరేణి సంస్థ దానితో విద్యుత్తు తీసే చిన్న ప్రయోగ కేంద్రాన్ని కూడా నెలకొల్పింది. భూమి లోపలికి పోయేకొద్దీ ఉష్ణోగ్రత కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. దీనినే భూతాప ప్రవణత అంటారు. మంచి ఉష్ణమాపకం ఒకటి చేతబట్టుకుని, ఆ నీటి వేడిని వానలకు ముందు, వానలలో, వానల తరువాత నెలకు రెండుసార్లు కొలిస్తే, పైనుంచి ఇంకే వాననీరు దానిలో కలుస్తున్నదా లేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పటానికి ఆధారం దొరుకుతుంది. కొలత ఏ గంటకు తీశారో, ఊట నుంచి ఎంత దూరంలో తీశారో రాసి పెట్టని పట్టిక ఎందుకూ పనికిరాదని కూడా ఆ పనిలోనే తెలుస్తుంది.

రాత్రి ఆకాశం మరొక వనరు. హైదరాబాదు దీపకాంతిలో కనిపించని నక్షత్రాలు అడవి అంచు ఊళ్లలో నేటికీ కనిపిస్తాయి. శ్రావణం నుంచి కార్తీకం దాకా సాయంకాలాలలో ఎత్తున కనిపించే శ్రవణ నక్షత్రానికి సమీపంలో ఈటా అక్విలే అన్న చరనక్షత్రం ఉంది. నక్షత్రాల కాంతిని తరగతులుగా చెప్పేటప్పుడు సంఖ్య పెరిగేకొద్దీ కాంతి తగ్గినట్లు లెక్క. ఈ నక్షత్రం 3.5 నుంచి 4.4 వరకు తగ్గి, మళ్లీ పెరిగి, ఏడు రోజుల పైచిలుకు కాలంలో ఒక ఆవృత్తిని పూర్తిచేస్తుంది. స్థిరమైన కాంతిగల రెండు పొరుగు నక్షత్రాలతో పోల్చి, వాటి నడుమ ఇది ఎక్కడున్నదో ప్రతి రాత్రీ అంచనా కట్టి రాసుకుంటే, రెండు నెలల్లో దాని ఆవర్తన కాలాన్ని ఎవరి సాయమూ లేకుండా రాబట్టవచ్చు. దీనికి దుర్భిణి కూడా అవసరం లేదు. ఇటువంటి పరిశీలనలను ప్రపంచం నలుమూలల ఔత్సాహికుల నుంచి స్వీకరించి భద్రపరిచే సంఘం అమెరికాలో 1911 నుంచి పనిచేస్తున్నది.

అమెరికా ప్రస్తావన వచ్చినందున ఒక మాట. అక్కడి జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానం 1987 నుంచి డిగ్రీ విద్యార్థుల వేసవి పరిశోధనకు ధనసహాయం చేస్తున్నది. అంతకు పదేళ్ల ముందే మిన్నెసోటా రాష్ట్రపు డులూత్‌లో జోసెఫ్ గాలియన్ అన్న గణితాచార్యుడు నడపసాగిన వేసవి బృందం నుంచి డిగ్రీ విద్యార్థుల వ్యాసాలు పేరున్న గణిత పత్రికలలో అచ్చయ్యాయి. ఆ ప్రతిష్ఠానం డబ్బు అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే చెందుతుంది. కాబట్టి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు అందే ఆ అవకాశం కోసం ఇక్కడి విద్యార్థి కాలం వృథా చేసుకోవటం అనవసరం. భారతదేశం 2017లో అనుబంధ సభ్యత్వం పొందిన జెనీవాలోని సెర్న్ అన్న కణ భౌతిక పరిశోధన కేంద్రం వంటి చోట్లు ఉన్నాయి గాని, బి.ఎస్సీ. మూడవ సంవత్సరం దాకా అవి ఆలోచించదగినవి కావు.

ఈ ప్రాంతపు డిగ్రీ, గురుకుల కళాశాలల అధ్యాపకులు గమనించవలసిన సంగతి ఒకటి మిగిలింది. మూడు అకాడమీల వేసవి ఫెలోషిప్ విద్యార్థులకు మాత్రమే కాదు, అధ్యాపకులకూ ఉద్దేశించినది. డిగ్రీ కళాశాలలో పాఠం చెప్పేవారు కూడా అదే కార్యక్రమం కింద రెండు నెలలు ఒక పరిశోధన సంస్థలో పనిచేసి రావచ్చు. స్వయంగా వెళ్లివచ్చిన అధ్యాపకుడున్న కళాశాలలో ఆ తరువాతి సంవత్సరాల విద్యార్థులకు సమాచారం వెదుక్కోవలసిన పని ఉండదు, సిఫారసు లేఖ ఎలా రాయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక ఈ దసరా సెలవులలో తమ విద్యార్థుల చేత దరఖాస్తు పెట్టించే అధ్యాపకులు, అదే రోజు తమ పేరున కూడా ఒకటి పెట్టవలసినదిగా విజ్ఞప్తి.